కర్రతాతను తగ్గించిన రాత్రి

మూడు లాంతర్ల దగ్గర లోపలికి మళ్ళే సందులో
సైకిలు షాపు మీద నా గేమ్ రూం.
నాలుగు తెరలు, ఆరు కుర్చీలు, గంటకి నలభై.
కింద నుంచి పంక్చర్ల రబ్బరు వాసన.
పక్క వాటాలో పేరయ్య గురువు తాలింఖానా.
ఇప్పుడక్కడ సాము నేర్చుకునేది ముగ్గురే,
అందులో ఒకడు ఆయన మనవడు.

మా ఆటలో ఒక ముసలాడున్నాడు.
కంపెనీ పెట్టిన పేరు ఎవరి నోటా తిరగలేదు.
చేతిలో కర్ర చూసి కర్రతాత అన్నాం.
ఎస్.కోట నుంచి బస్సెక్కి వచ్చే గుంటలూ అదే అన్నారు,
పోటీలకి విశాఖ వెళితే అక్కడా అదే పేరు.
కంపెనీ లెక్కల్లో మాత్రం ఆ పేరు లేదు.

రెక్కలున్న యోధులున్నారు, నిప్పు ఊదేవాళ్ళున్నారు,
తవిటినాయుడు తాతనే పట్టుకున్నాడు.
రైసు మిల్లులో రాత్రి డ్యూటీ దిగి
కనుబొమల మీద తవుడుతోనే వచ్చి కూచునేవాడు.
ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని
వీణ్ణి తవుడిచ్చి కొనుక్కున్నారట, అందుకా పేరు.
రెండేళ్ళు పట్టింది వాడికి
తాత కర్ర ఎప్పుడు లేస్తుందో ఒంటికి పట్టడానికి.
అటుపైన మా రూంలో వాణ్ణి కొట్టినవాడు లేడు,
ఒక్క నీలవేణి తప్ప. ఆమెదీ తాతే.

మొన్న బుధవారం రాత్రి అప్‌డేట్ వచ్చింది.
మీ మాట విన్నాం, మీరు మా కుటుంబం, అని మొదలు.
ఎక్కడో ఎవరో ఓడి గట్టిగా ఏడ్చారు కాబోలు,
కర్ర ఎత్తడానికీ దించడానికీ నడుమ
సెకనులో అరవయ్యో వంతులు మూడు చేర్చారు.
రెప్పపాటులో సగం కూడా కాదు.
తవిటినాయుడు వరసగా తొమ్మిది ఆటలు పోగొట్టుకున్నాడు.
ఆ కిందే తాతకి కొత్త పంచె, పట్టు అంచు,
మూడొందల నలభై తొమ్మిది రూపాయలు.
"నన్ను కొన్నారంటే బతకాలని కొన్నారు," అన్నాడు వాడు,
"ఈళ్ళు తాత కాళ్ళిరగ్గొట్టి పంచె అమ్ముతన్నారేటి?"

గోల ఎక్కువైందని చెప్పడానికే వచ్చారు పేరయ్య గురువు,
భుజాన తువ్వాలు, చేతిలో నీళ్ళ చెంబు.
చెప్పడం మరిచిపోయి తెర వంక నిలబడిపోయారు.
పాత ఆట ఫోన్లో చూపించాను. రెండుసార్లు చూశారు.
"నిన్నటిది కుర్రోడి దెబ్బరా.
ఈ వయసోడు అలాగ కొట్టడు.
ఇప్పుడు ఊపిరి తీసుకుని కొడతన్నాడు.
తగ్గించినోడెవడో కర్ర తెలిసినోడే."

ఎవరూ మాట్లాడలేదు.
నాకైతే ఒళ్ళు మండింది, నిజం చెప్పాలంటే.
గురువు మెట్లు దిగుతూ ఆగారు.
"మా సన్నాసి గాడి చేత కణత దెబ్బ మానిపించినాను ఒకేడు.
ఆడింటికెల్లినాను. ఆడమ్మ ఎదట కూకుని,
కర్ర ఆడి సేతిలోనే ఉంచి సెప్పినాను.
రెండు నెల్లు నాతో మాటాడ్నేదు.
తగ్గించొచ్చు. మొకం సూసి తగ్గించాల."

తెల్లారుతుంటే తెర మీద ఒక పెట్టె వచ్చింది:
మార్పులు ఎలా ఉన్నాయి? అయిదు చుక్కల్లో ఎన్ని?
తవిటినాయుడు చుక్కలు ముట్టుకోలేదు.
కింద ఖాళీ జాగాలో తెలుగులో కొట్టాడు, చాలాసేపు,
ఒత్తులు దిద్దుకుంటూ, నన్ను చూడనివ్వకుండా.
అక్షరాలు పడలేదు.
ఒక్కో దానికీ ఒక్కో చదరం పడింది,
వరసగా, కిటికీల్లేని ఇళ్ళలాగ.
అలాగే పంపేశాడు.
మళ్ళీ తాతనే ఎంచుకుని
కర్ర ఎత్తి, ఈసారి ఆగాడు.